రోడ్డెక్కిన రెగ్యులేటర్

వంటగ్యాస్ సిలిండర్ లోపలి ఒత్తిడి ఎండను బట్టి చదరపు సెంటీమీటరుకు 5 నుంచి 8 కిలోల దాకా ఉంటుంది. ఇంటి పొయ్యికి కావలసింది 30 గ్రాములు. ఈ రెంటికీ మధ్య ఉన్నది అరచేతిలో ఇమిడే రెగ్యులేటర్ ఒక్కటే. మన ఇళ్ళలోని గ్యాస్ పొయ్యిలు, జెట్ల సన్నపాటి రంధ్రాలతో సహా, ఆ 30 గ్రాముల లెక్క మీదే తయారవుతాయి. అమెరికాలో ఆర్వీలని పిలిచే చక్రాల ఇళ్ళలో ప్రొపేన్ పొయ్యికి అందే ఒత్తిడి 11 అంగుళాల ఎత్తు నీళ్ళ బరువుతో సమానం. మన 30 గ్రాములంటే 30 సెంటీమీటర్ల నీళ్ళు, అంటే 12 అంగుళాలకు కాస్త తక్కువ. పొయ్యి దగ్గరికి వచ్చేసరికి రెండు దేశాలూ ఇంచుమించు ఒకే అంకె మీద నిలిచాయి. అయితే అక్కడ కదిలే వంటింటికి వేరే నియమాలు రాసుకున్నారు. ఇక్కడ మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ రోడ్ల పక్కన ఐటీ ఉద్యోగుల ఆకలి తీరుస్తున్న టిఫిన్ బండ్లు, ఫాస్ట్‌ఫుడ్ బండ్లు చాలావరకు కదలని ఇంటి కోసం చేసిన రెగ్యులేటర్‌తోనో, ఏ కనెక్షన్‌కూ చెందని బజారు రెగ్యులేటర్‌తోనో నడుస్తున్నాయి. మంట తగ్గినా, గ్యాస్ వాసన వచ్చినా నింద ఆ పరికరం మీదికో, బండి నడిపేవాళ్ళ మీదికో పోతుంది. అసలు కారణం ఇంకా వెనక, ఈ దేశంలో వంట ఇంధనం పంపిణీ అయిన పద్ధతిలో ఉందని నా వాదన. ఆ పద్ధతి మొదటినుంచీ రెండు రకాల పొయ్యిలనే గుర్తించింది. ఒకటి ఇంటిది, రెండోది అద్దె చెల్లించే దుకాణానిది. చక్రాల మీద తిరిగే మూడో పొయ్యికి అందులో చోటు దొరకలేదు.

ఈ చరిత్ర గ్యాస్ కంటే పాతది. హైదరాబాద్ ఇరానీ హోటళ్ళలో భట్టీలు బొగ్గు మీదా కట్టెల మీదా మండేవి. బస్తీల్లో పొట్టు పొయ్యిలు ఉండేవి. తోపుడు బండి మీదికి మాత్రం కిరోసిన్ పంపు స్టవ్వే సరిపోయింది. దాని ఇత్తడి ట్యాంకులో కిరోసిన్ పోసి, చేత్తో పంపు కొట్టి గాలి ఎక్కించాలి. ఒత్తిడి ఎంతుందో పంపు బిగువే చెబుతుంది. మంట పెరగాలంటే రెండు దెబ్బలు ఎక్కువ కొట్టాలి, తగ్గాలంటే పక్కనున్న స్క్రూ వదులు చేసి గాలి తీసెయ్యాలి. నాజిల్ మూసుకుపోతే పిన్నుతో పొడుచుకునేవాళ్ళు, పంపులోని తోలు వాషర్ ఎండితే నూనె చుక్క వేసి మెత్తబరిచేవాళ్ళు. ఒత్తిడిని అదుపు చేసే విద్య పూర్తిగా వంట చేసే మనిషి చేతిలో ఉండేది, రిపేరు కూడా అక్కడే జరిగిపోయేది. ఇంధనం సంగతి అలా కాదు. రేషన్ కిరోసిన్ కార్డు మీద వచ్చేది, కార్డు ఇంటి చిరునామా మీద వచ్చేది. దారి మళ్ళకుండా దానికి నీలం రంగు కూడా కలిపారు. ఊరు విడిచి వచ్చి బండి పెట్టుకున్నవాడికి ఆ కార్డు సొంతూళ్ళో ఉండిపోయేది, కిరోసిన్ మాత్రం ఇక్కడ బ్లాకులో కొనాల్సి వచ్చేది. చిరునామాకూ పొయ్యికీ ముడిపెట్టే అలవాటు గ్యాస్ కంపెనీలు కొత్తగా పుట్టించింది కాదు, అప్పటికే ఉన్నదాన్ని అవి అందిపుచ్చుకున్నాయి.

మన దేశంలో వంటగ్యాస్ అమ్మకం 1955లో బొంబాయిలో బర్మా షెల్ కంపెనీ ‘బర్షేన్’ పేరుతో మొదలుపెట్టింది. 1965లో కలకత్తాలో ఇండేన్ వచ్చింది. 1974లో ఎస్సో, 1976లో బర్మా షెల్ ప్రభుత్వం చేతికి వచ్చాక ఆ వ్యాపారం చాలావరకు ప్రభుత్వ రంగ సంస్థలదైంది. గ్యాస్ తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ కావడంతో కనెక్షన్ కోసం ఏళ్ళ తరబడి వరుసలో ఉండటం మామూలైంది. ఒక దశలో పార్లమెంటు సభ్యులకు గ్యాస్ కూపన్ల కోటా కూడా ఉండేది, అవి దొరికిన కుటుంబాలది అదృష్టమే. ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. కనెక్షన్ తీసుకున్న ఇంటికి సిలిండర్ సొంతం కాదు, రెగ్యులేటర్ కూడా సొంతం కాదు. రెండూ డిపాజిట్ మీద ఇచ్చే కంపెనీ ఆస్తులు. రెగ్యులేటర్ పాడైతే విప్పకూడదు, డీలరు దగ్గరికి తీసుకెళ్ళి మార్చుకోవాలి. భద్రత దృష్ట్యా ఇది మంచి ఏర్పాటే. పంపు స్టవ్వు కాలంలో మనిషి చేతిలో ఉన్న ఒత్తిడి ఇప్పుడు బిగించిన డబ్బాలోకి పోయింది, దాని బాధ్యత కంపెనీ తీసుకుంది. అయితే ఆ బాధ్యత కనెక్షన్ ఉన్నవాళ్ళ వరకే. కనెక్షన్ లేనివాళ్ళకు పాత విద్యా పోయింది, కొత్త పూచీ కూడా దొరకలేదు.

1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి మాదాపూర్‌లో ఐటీ కంపెనీల కోసం కట్టిన సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. మైక్రోసాఫ్ట్ హైదరాబాద్‌లో తన డెవలప్‌మెంట్ సెంటర్ పెట్టిందీ, ట్రిపుల్ ఐటీ మొదలైందీ ఆ ఏడాదే. సైబర్ టవర్స్ వెనకున్న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు ప్రభుత్వమే మరుసటి ఏడాది ‘దీపం’ పథకం తెచ్చింది. స్వయం సహాయక సంఘాల్లోని పేద మహిళలకు గ్యాస్ కనెక్షన్ డిపాజిట్‌ను ప్రభుత్వమే కట్టింది. పల్లెలో కట్టెల పొయ్యి ముందు కళ్ళు మండించుకునే ఆడవాళ్ళకు అది నిజంగా పెద్ద మేలు, దాన్ని తక్కువ చేసి చూడటం అన్యాయం. రెండు నిర్ణయాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక ఖాళీ కనిపిస్తుంది. ఒక పథకం ఊళ్ళోని ఇంటికి పొయ్యి ఇచ్చింది. ఇంకొకటి ఊళ్ళోని పిల్లల్ని నగరానికి రప్పించే ఉద్యోగాలు తెచ్చింది. ఆ పిల్లలకు నగరంలో అన్నం వండిపెట్టే పొయ్యి గురించి రెండూ ఆలోచించలేదు. రాళ్ళగుట్టల మధ్య అద్దాల భవనాలు లేచినంత వేగంగా అక్కడ హోటళ్ళు లేవలేదు. కొన్ని ఆఫీసుల్లో క్యాంటీన్లు ఉన్నా కాపలావాళ్ళకు, క్యాబ్ డ్రైవర్లకు, హౌస్‌కీపింగ్ వాళ్ళకు, కట్టడం పనివాళ్ళకు, మాదాపూర్ అయ్యప్ప సొసైటీ హాస్టళ్ళలో చేరిన కొత్త ఉద్యోగులకు ఆ ధరలు అందలేదు. అమెరికా వేళలకు పనిచేసేవాళ్ళకు అర్ధరాత్రి ఆకలి వేసేది. 2003లో సైబరాబాద్‌కు విడిగా పోలీసు కమిషనరేట్ ఏర్పడేనాటికే బండ్లు రోడ్డు పక్కన పాతుకుపోయాయి. గచ్చిబౌలి డీఎల్‌ఎఫ్ దగ్గర రాత్రి పూట నడిచే తిండి వీధి ఈ అవసరంలోంచే పెరిగింది.

ఈ బండ్లన్నీ ఒక్క తరహావి కావు, గ్యాస్ విషయంలో ఆ తేడా ముఖ్యం. మధ్యాహ్నం భోజనం పెట్టే బండ్లకు అన్నం, కూరలు ఇంట్లోనే వండి ఆటోలోనో కారులోనో తెస్తారు. రోడ్డు మీద గ్యాస్ అవసరం కొద్దిగానే. ఇడ్లీ దోసె బండికి పొద్దున మూడు నాలుగు గంటలు నిలకడైన మంట కావాలి. మిర్చి బజ్జీ బండికి నూనె కాగినంతసేపూ మంట తగ్గకూడదు. చైనీస్ ఫాస్ట్‌ఫుడ్ బండిది మరో దారి. నూడుల్స్‌కీ ఫ్రైడ్ రైస్‌కీ కడాయి చుట్టూ పైకెగసే మంట కావాలి, 30 గ్రాముల ఒత్తిడితో అది రాదు. ఇల్లు, దుకాణం అని రెండే గళ్ళున్న పుస్తకంలో ఇన్ని రకాల వాడకాలను ఇరికించాలని చూడటంతోనే చిక్కు మొదలైంది.

2000 సంవత్సరంలో కేంద్రం ఇచ్చిన ఎల్పీజీ సరఫరా, పంపిణీ నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ఇంటి సిలిండర్‌ను వ్యాపారానికి వాడటం నేరం. ఇంటికి 14.2 కిలోల సిలిండర్, వ్యాపారానికి 19 కిలోల సిలిండర్ అని విభజన. ఇంటి గ్యాస్‌కు ప్రభుత్వం రాయితీ ఇచ్చింది, వ్యాపార గ్యాస్ ధర మార్కెట్‌ను బట్టి మారింది. 2017లో జీఎస్టీ వచ్చాక ఇంటి గ్యాస్ మీద 5 శాతం, వ్యాపార గ్యాస్ మీద 18 శాతం పన్ను పడింది. లోపల ఉన్నది ఒకే గ్యాస్ అయినప్పుడు ఇంటి ఎర్ర సిలిండర్ వ్యాపారానికి దారి మళ్ళడం ఖాయం. 2012లో రాయితీ సిలిండర్లను ఏడాదికి ఆరుకు కుదించడానికి ప్రభుత్వం చూపించిన కారణాల్లో ఈ దారి మళ్ళింపు కూడా ఒకటి. ఆ పరిమితిని తర్వాత తొమ్మిదికి, 2014లో పన్నెండుకు పెంచారు. సరుకు కొరత ఈ దారి మళ్ళింపుకు కారణం కాదు. విశాఖపట్నం నుంచి సికింద్రాబాద్‌కు గెయిల్ వేసిన ఎల్పీజీ పైపులైను 2004 నుంచి పనిచేస్తోంది, ఆ తర్వాత కొన్నేళ్ళకే విశాఖలో భూగర్భ గుహలో 60,000 టన్నుల గ్యాస్ నిల్వ చేసే ఏర్పాటు వచ్చింది. నగరానికి గ్యాస్ పుష్కలంగా చేరుతున్నా బండి పేరు మీద అందుకునే మార్గం ఇరుకుగానే ఉండిపోయింది. 2013లో చిరునామా రుజువు అడగకుండా పెట్రోలు బంకుల్లో 5 కిలోల చిన్న సిలిండర్ అమ్మడం మొదలుపెట్టారు. వలస వచ్చిన విద్యార్థినీ ఒంటరి ఉద్యోగినీ గుర్తించిన మొదటి ఏర్పాటు అది. గదిలో ఒక్కరు వండుకోవడానికి బాగానే సరిపోయింది. సాయంత్రమంతా నూనె మరిగించే బండికి 5 కిలోలు ఏ మూలకు?

ఇంత వ్యవస్థ భారమూ చివరికి వచ్చి పడేది రెగ్యులేటర్ మీద కాబట్టి దాని లోపల ఏముందో ఒకసారి చూడాలి. గుండ్రటి మూత కింద రబ్బరు పొర ఒకటి బిగించి ఉంటుంది. పొర పైన స్ప్రింగు, కింద గ్యాస్. పొరకు తగిలించిన చిన్న మీట గ్యాస్ వచ్చే రంధ్రాన్ని తెరుస్తూ మూస్తూ ఉంటుంది. పొయ్యి వెలిగించగానే పొర కింద ఒత్తిడి తగ్గుతుంది, స్ప్రింగు పొరను కిందికి నొక్కుతుంది, రంధ్రం తెరుచుకుంటుంది. పొయ్యి ఆపితే ఒత్తిడి పెరిగి పొర పైకి లేస్తుంది, రంధ్రం మూసుకుంటుంది. పొర స్వేచ్ఛగా కదలాలంటే దాని పై భాగానికి బయటి గాలి తగలాలి, అందుకే మూత మీద సూది మొనంత రంధ్రం ఉంటుంది. చాలామంది దాన్ని పట్టించుకోరు, ఏదో తయారీ గుర్తు అనుకుంటారు. నూనె జిడ్డు, దుమ్ము పట్టి అది మూసుకుపోతే పొర పైనున్న గాలి బందీ అవుతుంది, ఒత్తిడి లెక్క తప్పుతుంది. లోపలి పొర చిరిగితే గ్యాస్ ఆ రంధ్రంలోంచే బయటికి వస్తుంది. వంటింటి గట్టు కింద, గాలివానలు తగలని చోట, నిలువుగా కదలకుండా ఉండే సిలిండర్ మీద ఈ పరికరం ఏళ్ళ తరబడి నమ్మకంగా పనిచేస్తుంది. గ్రానైట్ గుట్టలు పగలగొట్టి భవనాలు కడుతున్న రోడ్డు పక్కన, బజ్జీల బాణలికి మూరెడు దూరంలో, రోజూ గుంతల మీదుగా తోసుకుపోయే బండి అడుగున పరిస్థితి వేరు. దాన్ని తయారుచేసినవాళ్ళు ఊహించని చోట అది బతుకుతోంది.

బండి మీద ఎక్కువగా వినిపించే ఫిర్యాదు రాత్రి పూట మంట పడిపోవడం. రెగ్యులేటర్ పోయిందని మార్చేస్తారు, మళ్ళీ అదే కథ. సిలిండర్ మీద చెయ్యి పెడితే కారణం చాలాసార్లు అక్కడే తెలుస్తుంది. గ్యాస్ ఉన్నంత ఎత్తు వరకు డబ్బా చల్లగా ఉండి నీటి చెమట పట్టి ఉంటుంది, వాడకం మరీ ఎక్కువైతే మంచు పేరుకుంటుంది. లోపల ద్రవంగా ఉన్న గ్యాస్ ఆవిరి కావడానికి వేడి కావాలి. ఒక కిలో గ్యాస్ ఆవిరి కావాలంటే ఒక లీటరు నీళ్ళను మరిగే దగ్గరికి తెచ్చేంత వేడి కావాలి, ఆ వేడి డబ్బా ఇనుప గోడలోంచే లోపలికి రావాలి. ఇంటి బర్నర్ కొద్దికొద్దిగా తీసుకుంటుంది కాబట్టి బయటి గాలి ఇచ్చే వేడి సరిపోతుంది. పెద్ద బర్నర్ గంటకు కిలో వరకు లాగేస్తే సరిపోదు. పైగా సాయంత్రం గడిచేకొద్దీ ద్రవం మట్టం తగ్గి, వేడిని అందుకునే గోడ భాగం కుదించుకుపోతుంది, రాత్రి గాలి చల్లబడుతుంది. సున్నా డిగ్రీల దగ్గర బ్యూటేన్ దాదాపు ఆవిరి కాదు, ప్రొపేన్ మైనస్ 42 దాకా అవుతుంది. మన సిలిండర్లో రెండూ కలిసి ఉంటాయి కాబట్టి ముందు ప్రొపేన్ ఎక్కువగా వెళ్ళిపోయి, అడుగున బ్యూటేన్ పాలు పెరుగుతుంది. అందుకే నిండు సిలిండర్‌తో సాయంత్రం ఆరింటికి బాగా మండిన పొయ్యి డిసెంబరు రాత్రి పదకొండింటికి నీరసిస్తుంది. దోషం రెగ్యులేటర్‌లో లేదు, అంత మంటకు ఒక్క చిన్న సిలిండర్‌ను కట్టిపెట్టడంలో ఉంది. సిలిండర్‌ను వేడినీళ్ళ తొట్టెలో దించడం, పక్కకు పడుకోబెట్టడం, తలకిందులు చేయడం లాంటి చిట్కాలు ఇక్కడే పుడతాయి. పడుకోబెడితే ఆవిరి బదులు ద్రవమే రెగ్యులేటర్‌లోకి వస్తుంది. ద్రవం ఆవిరైతే దాదాపు 250 రెట్లు వ్యాకోచిస్తుంది, మంట ఒక్కసారి మనిషి ఎత్తుకు లేవవచ్చు.

రెండో ఫిర్యాదు బుసమని శబ్దం, వాసన. కొత్త సిలిండర్‌కు రెగ్యులేటర్ తగిలించగానే ఈ శబ్దం వస్తే తప్పు తరచుగా సిలిండర్ మూతి లోపలి రబ్బరు రింగుది. మనం వాషర్ అంటాం. అది అరిగిపోయినా, ఊడిపోయినా ఎంత మంచి రెగ్యులేటర్ పెట్టినా గ్యాస్ కారుతుంది. ఇళ్ళకు సిలిండర్ తెచ్చే డెలివరీ మనిషి ఆ వాషర్ మార్చి, సబ్బు నురగ వేసి చూపించి వెళ్ళాలి. చేతులు మారి వచ్చిన సిలిండర్‌కు ఆ మనిషి లేడు. ఇక మంట చాలక హై ప్రెషర్ రెగ్యులేటర్ పెట్టుకునే బండ్ల సంగతి. ఇంటి సిలిండర్ మూతికి సరిగ్గా కూర్చునే ఈ రెగ్యులేటర్లు బజార్లో దొరుకుతాయి, వాటికి మర తిప్పి ఒత్తిడి పెంచుకునే వీలుంది. పంపు స్టవ్వు నాటి స్వేచ్ఛ తిరిగి చేతికి వచ్చినట్టే అనిపిస్తుంది. ఆ రోజుల్లో ట్యాంకులో ఉన్నది మనిషి కొట్టిన గాలి, ఇప్పుడు వెనకాల ఉన్నది కిలోల కొద్దీ ఒత్తిడి. దాని ముందు తక్కువ ఒత్తిడికి చేసిన రబ్బరు పైపునూ, నాబ్‌లనూ నిలబెడితే ఎక్కడో ఒకచోట తెగడం ఖాయం.

అమెరికా ఆర్వీల్లోనూ ఇవే జబ్బులు కనిపిస్తాయి. చలి రాత్రి మంట పడిపోవడం, రెగ్యులేటర్‌లో తేమ గడ్డకట్టడం, గాలి రంధ్రంలోకి రోడ్డు బురద చేరడం అన్నీ ఉన్నాయి. వాటికి మందు ఎవరో తెలివైన మెకానిక్ కనిపెట్టింది కాదు, నియమాల్లోనే రాసి ఉంది. ఆర్వీలకు వర్తించే ఎన్‌ఎఫ్‌పీఏ 1192 ప్రమాణం రెండు అంచెల రెగ్యులేటర్ ఉండి తీరాలంటుంది. మొదటి అంచె సిలిండర్ ఒత్తిడి ఎంత మారినా దాన్ని ఒక మధ్యస్థ స్థాయికి తెస్తుంది, రెండో అంచె అక్కడినుంచి 11 అంగుళాలకు దించుతుంది. పగటి ఎండకూ రాత్రి చలికీ మధ్య తేడా మొదటి అంచె దగ్గరే ఆగిపోతుంది. గాలి రంధ్రం కిందికి చూస్తూ ఉండాలి, చక్రాలు చిమ్మే నీళ్ళు తగలకుండా మూత ఉండాలి, సిలిండర్లు కదలకుండా బిగించి ఉండాలి. రెండు సిలిండర్లు తగిలించి ఒకటి అయిపోగానే రెండోదానికి మారే ఏర్పాటు చాలా ఆర్వీల్లో ఉంటుంది, వెలుగుతున్న పొయ్యి పక్కన సిలిండర్ విప్పే అవసరం రాదు. సెలవుల్లో ఆర్వీ అద్దెకు తీసుకుని జాతీయ పార్కులు చుట్టివచ్చే మన ప్రవాస కుటుంబాలు ఈ ఏర్పాట్లతోనే ఉప్మా చేసుకుంటాయి. అది ధనిక దేశపు విలాసం కాబట్టి పోలిక చెల్లదని ఎవరైనా అనవచ్చు. పోల్చింది సంపదను కాదు. వంటిల్లు కదులుతుందని ఒప్పుకుని దానికి తగ్గ పరికరం ఏదో నిర్ణయించడానికి సంపద అక్కర్లేదు. రెండు అంచెల రెగ్యులేటర్ రాకెట్ విద్య కూడా కాదు.

నా వాదనకు వచ్చే గట్టి అభ్యంతరం ఇది: ప్రమాదాలన్నీ నిర్లక్ష్యం వల్లే జరుగుతాయి, సిలిండర్ పడుకోబెట్టేవాడికి వ్యవస్థను తిట్టే హక్కు లేదు అని. నిర్లక్ష్యం లేదని నేనను. గ్యాస్ గాలి కంటే దాదాపు రెట్టింపు బరువు, కారితే పైకి పోకుండా నేల మీద పాకుతుంది. 1997 సెప్టెంబరు 14న విశాఖలోని హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో కారిన ఎల్పీజీ అలా పరుచుకుని అంటుకున్నప్పుడు దాదాపు 60 మంది చనిపోయారు. అక్కడ ఉన్నది శిక్షణ పొందిన సిబ్బంది, లిఖిత నియమాలు, పెద్ద సంస్థ. అంతటి చోటే తప్పు జరిగినప్పుడు శిక్షణ గానీ, నియమం గానీ, చూసిపోయే మనిషి గానీ లేని చోట ఒక్కొక్కరి జాగ్రత్త మీదే బతుకులు వేలాడదీయడం న్యాయం కాదు. ఇంట్లో గృహిణి జాగ్రత్తగా ఉంటుంది, నిజమే. ఆమె వెనకాల ఐఎస్‌ఐ గుర్తు ఉన్న రెగ్యులేటర్, ఐదేళ్ళకు మార్చమని చెప్పే సురక్షా పైపు, ఫోను చేస్తే వచ్చే మెకానిక్, కనెక్షన్‌తో వచ్చే బీమా ఉన్నాయి. బండి నడిపే మనిషికి కూడా ఆ నాలుగూ ఇచ్చాక నిర్లక్ష్యం గురించి మాట్లాడుకోవచ్చు.

ఇంకో అభ్యంతరం, వ్యాపార కనెక్షన్ తీసుకోవడానికి ఎవరూ అడ్డుపడటం లేదు కదా అనేది. చట్టం అడ్డుపడదు, లెక్క అడ్డుపడుతుంది. నిండు ఇంటి సిలిండరే దాదాపు 30 కిలోల బరువు. 19 కిలోలది ఇంకా భారీ, దాన్ని రోజూ బండి మీదికి ఎత్తి దించాలి, రాత్రి దాచుకోవడానికి చోటుండాలి. డిపాజిట్ ఒకేసారి కట్టాలి. దుకాణం కాగితాలు లేని బండికి అన్నిటికంటే కష్టం తను ఫలానా చోట ఉంటానని చూపించడం. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం సర్వే, ధ్రువపత్రం, అమ్ముకునే చోటు గురించి వివరంగా మాట్లాడింది. 2020లో మొదలైన పీఎం స్వనిధి పథకం వాళ్ళను బ్యాంకు అప్పుకు అర్హులను చేసింది. 2024 జనవరిలో దుర్గం చెరువు దగ్గర ఒక పేరున్న భోజనం బండిని ట్రాఫిక్ పోలీసులు తీయించినప్పుడు ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జోక్యంతో అది మళ్ళీ నిలబడింది. అప్పుడు రాష్ట్రమంతా జరిగిన చర్చ రోడ్డు ఎవరిది, ట్రాఫిక్ ఎవరి వల్ల అన్నదాని చుట్టూనే తిరిగింది. ఇలా బండిని స్థలం ఆక్రమించేదిగా, అప్పు తీసుకునేదిగా చూశారే తప్ప గ్యాస్ వాడే వంటింటిగా చూడలేదు. వీధి వ్యాపారి ధ్రువపత్రాన్నే కనెక్షన్‌కు చిరునామాగా ఒప్పుకుని, దాని మీద బండికి తగిన రెగ్యులేటర్, పైపు డిపాజిట్‌తో ఇస్తే బజారు రెగ్యులేటర్‌తో సగం పని ఉండదు. ‘దీపం’లో పేదింటి డిపాజిట్ కట్టిన ప్రభుత్వ సంప్రదాయం ఈ గడ్డ మీద పాతికేళ్ళ కిందటే ఉంది, ఇది కొత్తగా కనిపెట్టాల్సిన ఆలోచన కాదు.

పైపు గ్యాస్ వచ్చేసింది, ఇండక్షన్ పొయ్యిలు వచ్చేశాయి, ఈ గొడవంతా కాలమే తీరుస్తుందని అనేవాళ్ళూ ఉన్నారు. గెయిల్, హెచ్‌పీసీఎల్ కలిసి 2003లో పెట్టిన భాగ్యనగర్ గ్యాస్ సంస్థ హైదరాబాద్ అపార్ట్‌మెంట్లకు పైపు గ్యాస్ ఇస్తోంది. ఆ గ్యాస్ మీథేన్, గాలి కంటే తేలిక, ఇంటికి అందే ఒత్తిడి 21 మిల్లీబార్లు. అది నిజంగా మరింత భద్రం. హాస్టళ్ళ వంటశాలలకూ, ఫుడ్ కోర్టులకూ అదే సరైన దారి, ఐటీ కారిడార్‌లో వేల మందికి వండే హాస్టళ్ళు దానికి మారితే సంతోషమే. కానీ పైపు గోడకు వస్తుంది, చక్రాలకు రాదు. బండ్లను తీసుకెళ్ళి ఒకచోట పాతేస్తే వస్తుందంటారు. అయితే బండి ఆ రోడ్డుకు పుట్టిందే కదలగలిగినందుకు. పొద్దున హాస్టళ్ళ సందులో, మధ్యాహ్నం ఆఫీసు గేటు ముందు, రాత్రి క్యాబ్‌లు ఆగే చోట ఆకలి ఎక్కడుంటే అక్కడికి పోవడం వల్లే అది చవగ్గా పెట్టగలుగుతోంది. ఇండక్షన్ సంగతి అంకెల్లోనే తేలుతుంది. గంటకు కిలో గ్యాస్ కాల్చే కడాయి బర్నర్ విడుదల చేసే వేడి 12 కిలోవాట్ల పైనే. అందులో సగం గాలికి పోయినా, దానికి సాటి రావాలంటే ఇళ్ళలో వాడే 2 కిలోవాట్ల ఇండక్షన్ పొయ్యిలు మూడు నాలుగు ఒకేసారి నడవాలి. అంత లోడుకు విడిగా మీటరు కావాలి. ఇప్పుడు బండి మీద వెలిగే బల్బుకు కరెంటు పక్క దుకాణం నుంచి తీగ లాగితే వస్తోంది, 6 కిలోవాట్లు అలా రావు. మీటరు కోసం అర్జీ పెట్టుకుంటే అక్కడ మొదట అడిగేది ఇంటి నంబరు.